బండ మీది కాపలా

నల్లమల దిగువన గుండ్లవాగు మలుపు తిరిగే చోట ఒక పచ్చిక బయలుంది. ఒక పక్క వాగు, వాగు వెంబడి మనిషెత్తు రెల్లు. ఇంకో పక్క మద్దిచెట్లూ నేరేడుచెట్లూ, వాటి నీడలోంచి కొండ మీదికి పోయే కాలిబాట. బయలు మీద చుక్కల దుప్పుల మంద మేసేది. చెట్ల మీద కొండముచ్చుల గుంపు కాపురముండేది. ఈ రెండు జాతులకీ మధ్య, ఎవరూ కూర్చోబెట్టి కుదర్చని పొత్తొకటి తాతల నాటి నుంచీ నడుస్తోంది. కొండముచ్చులకి చూపెక్కువ, దుప్పులకి ముక్కెక్కువ. చిరుత కదిలితే పైనున్నవాళ్ళకి కనబడేది, కదలకుండా పొంచి ఉంటే కిందున్నవాళ్ళకి వాసన తగిలేది. ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళు కూత పెట్టేవాళ్ళు. పైగా కొండముచ్చులు తిండి దగ్గర మహా దుబారా. ఆకు సగం కొరికి సగం కింద పడేసేవి. ఆ పడేసిందే దుప్పులకి ఎండాకాలపు మేత.

పొత్తుంది గనక గొడవల్లేవని కాదు. కుర్ర కొండముచ్చులు ఆటకి కూతలు పెట్టేవి. ఎండుకొమ్మ విరిగితే చిరుత, ముంగిస పరిగెత్తితే చిరుత. ప్రతిసారీ దుప్పులు నోట్లో గడ్డి నోట్లో ఉండగానే పడుతూ లేస్తూ పరిగెత్తేవి. చూలుతో ఉన్నవి రొప్పుకుంటూ వెనకబడేవి. మందలో వయసు మళ్ళిన ఆడదుప్పి చుక్కమ్మకి ఇది చూసి ఒళ్ళు మండేది. ఈ రొద పడలేక చస్తున్నామని చెట్ల కింద నిలబడి సణిగేది. సణుగుడు పైదాకా పోయేది కాదు. పోయేంత గట్టిగా ఆమె ఎప్పుడూ అనలేదు కూడా.

అది జంబుకేశం చెవిన పడింది.

జంబుకేశం నక్క. పట్నం శివారున అద్దాల మేడల వెనక, పారేసిన అన్నం పొట్లాల మధ్య కొన్నేళ్ళు బతికి వచ్చాడు. మేడల్లోంచి బయటికొచ్చి సిగరెట్లు కాల్చుకునేవాళ్ళ మాటలు విని విని, వ్యవస్థ, సేవ, భాగస్వామ్యం, పరిష్కారం అని నోరు తిరిగేలా నేర్చుకున్నాడు. అడవికి తిరిగొచ్చిన మర్నాడే బయలు నడుమనున్న నల్లబండ ఎక్కి మందని పిలిచాడు.

మీ కష్టం నాకు తెలుసన్నాడు. మీరు అడక్కముందే దానికి పరిష్కారం కట్టి తెచ్చానన్నాడు. విషయమేమిటంటే, అతని దగ్గర తర్ఫీదు పొందిన గోరువంకలున్నాయి. ఏ కూత వింటే ఆ కూత అచ్చంగా కూయగలవు. వాటిని చెట్ల మీద వరసగా కూర్చోబెడతాడు. ఒకటి చిరుతని చూసిందంటే పక్కదానికి అందిస్తుంది, అది ఇంకోదానికి, అలా కబురు బండ మీదికొస్తుంది. నిజమో కాదో జంబుకేశం తేల్చుకుంటాడు. నిజమైతేనే పెద్ద గోరువంక దుప్పి గొంతుతో కూస్తుంది. ముంగిసకీ ఎండుకొమ్మకీ ఇక పరిగెత్తే పని లేదు. తల దించుకుని హాయిగా మేయొచ్చు.

మందకి ఇది బాగా నచ్చింది. మంద పెద్ద కొమ్ములయ్యకి మరీ నచ్చింది. కొమ్ములయ్య చుక్కమ్మ మొగుడికి తమ్ముడు. అన్న పోయాక మంద భారం నెత్తినేసుకున్నాడు. మంచివాడే కానీ, కొత్త సంగతి ఏది విన్నా, ఇది పట్టుకోకపోతే వెనకబడిపోతామేమోనని గుండె దడ పుట్టే రకం. వాగవతల మందలవాళ్ళు ఇదివరకే ఒప్పుకున్నారని జంబుకేశం ఒక మాట వేసేసరికి ఆ దడ ఇంకాస్త పెరిగింది.

చుక్కమ్మ ముందుకొచ్చింది. "నాయనా జంబుకేశం, నీ గోరువంకలు ఎక్కడ కూచుంటాయి?"

"కాలిబాట వెంట పెద్దమ్మా. నేరేడుచెట్ల మీద."

"మేము మేసేది బయల్లో. పిల్లల్ని దాచుకునేది రెల్లులో."

"చిరుత వచ్చేది బాటనే కదా."

"ఎప్పుడూనా?"

జంబుకేశం నవ్వాడు. ఆ నవ్వు చుక్కమ్మకేసి కాదు, మిగతా మందకేసి. "పెద్దమ్మా, మీకేం కావాలో మీకంటే ఎక్కువగా నేను ఆలోచించాను. కూర్చుని ఆలోచించే తీరిక మీకెక్కడిది?"

ఇక షరతులు. తన కాపలా ఉన్నచోట ఇంకెవరూ కూతలు పెట్టకూడదన్నాడు. దుప్పులు కూసినా, గిట్ట నేలకేసి కొట్టినా గోరువంకలు తికమక పడతాయట. కొండముచ్చులు ఈ చెట్లు ఖాళీ చేసి వెళ్ళాలి, వాళ్ళ గోలతో కబురు చెడుతుందట. అతని శ్రమకి గాను చెట్ల కింద రాలిన పండ్లన్నీ అతనివి. ఇంతేనా అనుకున్నారు దుప్పులు.

ఆ సాయంత్రమే నమూనా చూపించాడు. చిరుత రోజూ ఆ వేళకి బాట వెంబడి దిగి వాగులో నీళ్ళు తాగుతుంది. అడవిలో అందరికీ తెలిసిన సంగతే. గోరువంకలు ఒకదాని వెనక ఒకటి కబురందించాయి. పెద్ద గోరువంక కూసింది. మంద తొక్కిసలాట లేకుండా, బారు తీరి నడిచినట్టు పక్కకి తప్పుకుంది. చిరుత నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. చూలు దుప్పులు ఒకదాని మొహం ఒకటి చూసుకుని నిట్టూర్చాయి. ఆ సుఖం చూశాక చుక్కమ్మకే తన అనుమానం మీద అనుమానమొచ్చింది.

కొండముచ్చులకి కబురు కొమ్ములయ్యే చెప్పాడు. గుంపు పెద్ద సుంకన్న అందర్నీ లేవదీశాడు. పిల్లల్ని పొట్టలకి హత్తుకుని అందరూ కొమ్మలు మారుతూ కోన వైపు కదిలారు. చివరికొమ్మ దగ్గర సుంకన్న ఆగి కిందికి చూశాడు.

"అక్కా, మా కూత మీకు రొదగా ఉండిందా?"

చుక్కమ్మ అబద్ధమాడలేకపోయింది. "రొద అన్నమాట నిజమే సుంకన్నా. పొమ్మన్నది మాత్రం నేను కాదు."

"చెట్టు మీదున్నవాళ్ళకి రెండూ ఒకలాగే వినబడ్డాయి," అని అతను వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళు బాగానే గడిచాయి. మంద తలెత్తడం మానేసింది. ఆ ఏడు పుట్టిన పిల్లలకి గాలి వాసన పట్టడం ఎవరూ నేర్పలేదు, నేర్పే అవసరం ఎవరికీ కనబడలేదు. ఏ చిన్న చప్పుడైనా బండ వైపు చూసేవి. బండ మీద జంబుకేశం కాలు మీద కాలేసుకుని, ఏం లేదన్నట్టు తోక ఊపేవాడు. మళ్ళీ మేతలో పడేవి.

ఎండలు ముదిరాయి. బయలు మీద గడ్డి మాడింది. పైనుంచి ఆకులు రాల్చే కొండముచ్చులు లేరు. రాలిన నేరేళ్ళు మూతి పెట్టడానికి లేదు, అవి జంబుకేశానివి. పచ్చగా మిగిలింది వాగొడ్డున రెల్లు ఒక్కటే. మంద అటు జరిగింది. చుక్కమ్మ బండ దగ్గరికి పోయి, రెల్లు వైపు కూడా ఒక పిట్టని పెట్టమని అడిగింది. అక్కడ పిట్ట కూర్చోవడానికి చెట్టు లేదన్నాడు జంబుకేశం. ఈ ఏర్పాటులో అది లేదన్నాడు. మీరే అటు మేయకుండా ఉంటే సరిపోతుంది కదా అన్నాడు.

"అంటే నువ్వు కాపలా ఉన్నచోట మేము మేయాలా, మేము మేసేచోట నువ్వు కాపలా ఉండాలా?" అనడిగింది చుక్కమ్మ.

పెద్దమ్మకి కొత్తది ఒంటబట్టడం లేదని జంబుకేశం తర్వాత కొమ్ములయ్యతో అన్నాడట.

ఒకరోజు పొద్దున మంద రెల్లు అంచున మేస్తుంటే వాగు మీంచి గాలి తిరిగింది. ఆ గాలిలో చుక్కమ్మకి తెలిసిన వాసనొకటి వచ్చింది. ఆమె ఆలోచించలేదు. మెడ నిక్కించి కూసింది. ముందుకాలి గిట్ట నేలకేసి కొట్టింది, మళ్ళీ కొట్టింది.

మంద ఆమె వైపు చూసింది. తర్వాత బండ వైపు చూసింది. జంబుకేశం బాట వైపు చూశాడు. నేరేడుచెట్ల మీద గోరువంకలు నిమ్మళంగా ఉన్నాయి. అతను తోక ఊపాడు.

రెల్లుకి అందరికన్నా దగ్గరగా ఉన్నది పూసల. కొమ్ములయ్య కూతురు, ఇంకా ఏడాది నిండని పిల్ల. అది కూడా తలెత్తి చుక్కమ్మని చూసింది, బండని చూసింది, తిరిగి తల దించింది. చుక్కమ్మ దాని వైపు పరిగెత్తింది గానీ, రెల్లు అప్పటికే విచ్చుకుంది.

చిరుత పిల్లని నోట కరుచుకుని వాగు దాటాక, నేరేడుచెట్టు మీద పెద్ద గోరువంక దుప్పి గొంతుతో చక్కగా కూసింది.

మధ్యాహ్నం దాకా ఎవరూ మేయలేదు. కొమ్ములయ్య వాగొడ్డున నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు. జంబుకేశం నెమ్మదిగా అతని పక్కకి చేరాడు. ఎంతో బాధపడ్డాడు. బాధపడుతూనే, ఏర్పాటులో లోపం లేదని చెప్పాడు. పెద్దమ్మ షరతు తప్పి కూసింది, ఆ కూతకి గోరువంకలు తికమకపడ్డాయి, లేకపోతే ముందే పసిగట్టేవి అన్నాడు. ఒక్కరు మాట వినకపోయినా ఇలాంటి ఏర్పాట్లు పనిచేయవన్నాడు.

బిడ్డ పోయినవాడికి తప్పెవరిదో ఎవరైనా చెబితే బాగుండుననిపిస్తుంది. జంబుకేశం చెప్పాడు. కొమ్ములయ్య మందంతా చూస్తుండగా చుక్కమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"వదినా, ఇక్కడుంటే నోరు మూసుకుని ఉండు. లేదంటే బయలు విడిచి వెళ్ళిపో."

చుక్కమ్మ అతని కళ్ళలోకి చూసింది. కోపం రాలేదామెకి.

"అబ్బీ, నీ బిడ్డ నన్ను చూసింది. నన్ను చూశాక బండని చూసింది. ఆ బండని చూడమని దానికి నేర్పింది నేను కాదు. ఈ నోరు నా తల్లి ఇచ్చింది, నా ముక్కు చెప్పిందే అది కూస్తుంది. మూయను. పొమ్మన్నావు గనక పోతాను. పోయేదాకా కూస్తూనే పోతాను."

అన్నట్టే చేసింది. ఎండలో, మంద మధ్య నుంచి, అడుగడుక్కీ గిట్ట నేలకేసి కొడుతూ, కూస్తూ నడిచింది. దుప్పులు పక్కకి తప్పుకుని దారిచ్చాయి. ఒకటి రెండు ముసలివాటి కాళ్ళు వాటికి తెలియకుండానే నేల మీద ఆడాయి. జంబుకేశం బండ మీంచి ఆపమని అరిచాడు. ఆమె తిరిగి చూడలేదు.

కోనలో కొండముచ్చులు ఎండిన కొమ్మల మీద బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి. అక్కడ పండ్లచెట్లు తక్కువ. పైగా కింద దుప్పులు లేకపోయేసరికి పొదల్లో ఏముందో చెప్పే ముక్కు లేదు, రాత్రిళ్ళు కంటి మీద కునుకు లేదు. సుంకన్న కింది కొమ్మ దాకా దిగొచ్చాడు. పూసల సంగతి విని తల దించుకున్నాడు. తర్వాత అతనికి కోపమొచ్చింది.

"అవసరం పడితే గానీ మేము గుర్తుకు రాలేదన్నమాట."

"అవసరం పడే వచ్చాను," అంది చుక్కమ్మ. "కానీ ఏదో చెప్పిపోదామని రాలేదు సుంకన్నా, అడుగుదామని వచ్చాను. ఇన్నాళ్ళూ మాతో పొత్తులో మీకు కష్టమైంది ఏమిటి?"

తాతల కాలం నుంచీ ఎవరూ అడగని మాటది. సుంకన్న కొమ్మ మీద సర్దుకుని కూర్చుని చెప్పాడు. చిరుత వచ్చిందని కూశాక దుప్పులు పరిగెత్తి ఏ అవతలి ఒడ్డుకో చేరి మేసుకుంటాయి. పైనున్న కొండముచ్చులకి అది పోయిందో పొదలో నక్కిందో తెలియదు. పోయిందని చెప్పేవాళ్ళు లేక పొద్దస్తమానం కొమ్మలు పట్టుకుని వేలాడాలి. కింద వాగు కనబడుతూనే ఉంటుంది, పిల్లల నాలుకలు పిడచగట్టుకుపోతాయి.

"చెట్టు మీదున్నవాళ్ళకి దాహం వేస్తుందని నాకు తోచనే లేదు," అంది చుక్కమ్మ.

తన వంతు వచ్చాక, చూలు దుప్పులు ముంగిసకి భయపడి పరిగెత్తి ఎలా కూలబడేవో ఆమె చెప్పింది. సుంకన్న కుర్ర కొండముచ్చుల్ని కిందికి పిలిచి, ఆ మాట వాళ్ళ ముందు మళ్ళీ చెప్పించాడు. అవి తోకలు ముడుచుకుని విన్నాయి. పరిగెత్తేవాళ్ళకి నొప్పి పుడుతుందని వాటికీ తోచలేదు మరి.

ఆ తర్వాత చాలా రోజులు వాళ్ళు కోనలో ఇదే పని మీద ఉన్నారు. కొండముచ్చు ఏదైనా చూస్తే ఒక్కసారే దగ్గాలి. అంటే, నేను చూశాను, నువ్వు వాసన చూడు అని. దుప్పి గిట్ట కొడితే నిజం, అప్పుడే పరుగు. వాసన పోయాక దుప్పి సన్నగా అరవాలి. అంటే, పిల్లల్ని నీళ్ళకి దించొచ్చని. మొదట ఇది కుదరలేదు. గాలి హోరున్నప్పుడు దగ్గు కిందికి వినబడలేదు. సుంకన్న తన తప్పు లేదని వాదించాడు. చుక్కమ్మ తన చెవులు బాగానే ఉన్నాయంది. రెండుపూటలు మాటల్లేవు. చివరికి ఒక ముసలి కొండముచ్చు విసుగొచ్చి, దగ్గుతో పాటు కొమ్మ కూడా ఊపితే పోలేదా అంది. ఊపి చూశారు. కుదిరింది.

ఇంతలో పెద్ద గోరువంక సిద్ధమ్మ తనంతట తనే కోనకొచ్చింది. ఈకలు రేగిపోయి ఉంది. పండ్లలో సగం ఇస్తానని జంబుకేశం వాటిని భాగస్వాముల్ని చేసుకున్నాడట. ఇప్పుడు తను చీకి పారేసిన టెంకలు ఇస్తున్నాడు. పూసల పోయిన పొద్దు గుర్తుకొస్తే తిండి సహించడం లేదని కూడా అంది. కొండముచ్చులు దాన్ని తరిమేయబోయాయి. చుక్కమ్మ అడ్డుపడి, రెల్లు వైపు కాపలా ఉండాలంటే నువ్వెక్కడ కూర్చోగలవని అడిగింది.

"ఊగే రెల్లు మీద నాకు కాలు నిలవదు," అంది సిద్ధమ్మ. ఆ పిట్ట చుక్కమ్మ ఒంటిని ఎగాదిగా చూసింది. "నీ వీపు మీదయితే కూచుంటాను. ఏరుకు తినడానికి గోమార్లు కూడా బాగానే ఉన్నట్టున్నాయి."

అలా పిట్ట దుప్పి వీపెక్కింది. చుక్కమ్మ రెల్లులోకి పోతే అదీ పోయింది, బయటికొస్తే అదీ వచ్చింది. దుప్పి తల గడ్డిలో ఉన్నంతసేపూ పిట్ట తల పైకే ఉంది. తన ఒంటి మీది గోమార్లు తగ్గుతుంటే చుక్కమ్మకి చెప్పలేని హాయిగా ఉంది.

ఇక మిగిలింది మంద. వెళ్ళి చెబితే నమ్మరు. చెప్పేవాళ్ళ మాట మందకి ఎక్కువైపోయింది. వాళ్ళ ముక్కే వాళ్ళకి చెప్పాలంది చుక్కమ్మ. అది ఎలాగో వివరించేసరికి సుంకన్న మొహం వికారంగా పెట్టాడు. అయినా ఒప్పుకున్నాడు. కోన మొదట్లో చిరుత కాళ్ళతో గీరి, తడిపి పోయిన మట్టి ఉంది. ఆ మట్టిలో తల నుంచి తోక కొస దాకా పొర్లాడు. కంపు భరించలేక అతని పెళ్ళాం పిల్లలతో సహా పక్కచెట్టుకి మారింది.

పట్టపగలు చుక్కమ్మ బయలు మీదికి నడిచొచ్చింది. సిద్ధమ్మ ఆమె వీపు మీదే ఉంది. మంద మేత ఆపింది. కొమ్ములయ్య చూపు పక్కకి తిప్పుకున్నాడు. ఆమె సూటిగా బండ ముందుకు పోయి నిలబడింది. అదే వేళకి సుంకన్న వాగు దిగి, రెల్లులో పడి, పొట్ట నేలకి ఆనించి పాకుతున్నాడు.

బయలు విడిచిపొమ్మన్నా మళ్ళీ ఎందుకొచ్చావన్నాడు జంబుకేశం. అతని చూపు సిద్ధమ్మ మీద పడింది గానీ, మంద ముందు ఆ ఊసెత్తలేదు.

"నీ కాపలా ఎంత గట్టిదో ఇంకోసారి చూసిపోదామని వచ్చాను."

"నా కబురు లేకుండా ఈ బండ దగ్గరికి ఈగ కూడా రాదు."

"నీ వెనక రెల్లుంది కదా. గాలి అటునుంచే వస్తోంది. నీ ముక్కుకేమీ తగలడం లేదా?"

"ఇంత ఏర్పాటు పెట్టుకుని ముక్కుతో పనేముంది పెద్దమ్మా?"

మందలో కదలిక పుట్టింది. ముందు ముసలి దుప్పులు తలెత్తాయి. వాటి ముక్కుపుటాలు అదిరాయి. అవి ఒకసారి బండ వైపు చూశాయి, బండ మీద తోక నిదానంగా ఊగుతోంది. మళ్ళీ గాలి వీచింది. ఒక ముసలిది గిట్ట నేలకేసి కొట్టింది. పక్కనున్నది కొట్టింది. కొమ్ములయ్య ఒంటి మీద వెంట్రుక నిక్కబొడుచుకుంది. అతను బాట వైపు చూడలేదు, బండ వైపు చూడలేదు. రెల్లు వైపు తిరిగి, బిడ్డ పోయిన నాటి నుంచీ లోపల బిగబట్టుకున్నదంతా కలిపి గిట్టతో నేలని ఒక్క తన్ను తన్నాడు.

"ఎవరూ కదలొద్దు," అని జంబుకేశం అరిచాడు. "గోరువంక కూయలేదు. ఏమీ లేదు. నేను చెబుతున్నాను కదా, ఏమీ లేదు."

అప్పుడతని మెడ మీద వెనకనుంచి ఒక చెయ్యి పడింది. దాంతోపాటు గుప్పుమని చిరుత కంపు.

జంబుకేశం వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. బండ మీంచి గాల్లోకి లేచి, చిరుత, చిరుత అని గావుకేకలు పెడుతూ పరిగెత్తి వాగు ఒండ్రులో మెడ దాకా దిగబడ్డాడు. ఆ కేకని ఏ గోరువంకా అందుకోలేదు. దుప్పులు అప్పటికే వాగు ఎగువకి పరుగు తీశాయి. వాటి వెనకనుంచి చుక్కమ్మ సన్నని అరుపు వినబడింది. ఆ అరుపు వాటికి కొత్తే, అయినా అందులో భయం లేదని తెలిసి ఆగాయి. తిరిగి చూస్తే బండ మీద సుంకన్న ఒళ్ళంతా మట్టితో నిలబడి, తన కంపు తనకే పడక తుమ్ముతున్నాడు.

మొదట ఎవరు నవ్వారో తెలియదు. పూసల పోయాక ఆ బయల్లో నవ్వు వినబడటం అదే.

జంబుకేశం ఒండ్రు ఓడుస్తూ గట్టెక్కాడు. ఇది మోసమన్నాడు. గోరువంకలు మాట తప్పాయి గానీ ఏర్పాటుకేమీ కాలేదన్నాడు. ఆ మాట పారకపోయేసరికి గొంతు మార్చాడు. కొత్తగా మీరు చేసుకున్నది కూడా బాగానే ఉంది, కానీ ఇంతమంది పొత్తుకి నడుమ ఒకరు కూర్చుని చూసుకోవాలి కదా, పాత పరిచయం కొద్దీ ఆ పని నేను చేసిపెడతానన్నాడు.

"నడుమ కూచున్నవాడికి ఏ పక్కా కనబడలేదు జంబుకేశం," అంది చుక్కమ్మ. "పైన చూసేవాళ్ళు చూస్తారు, కింద వాసన పట్టేవాళ్ళు పడతారు. ఎవరికి ఎక్కడ బాధ పుడితే అక్కడే కూచుని మాట్లాడుకుంటాం. మాకు బండ అక్కర్లేదు."

కొమ్ములయ్య మెల్లగా నడిచొచ్చి బండకీ నక్కకీ మధ్య నిలబడ్డాడు. తల దించి కొమ్ములు ముందుకు పెట్టాడు.

"నా బిడ్డ ఆఖరిసారి చూసింది ఈ బండని. దీని మీద ఇంకెవడూ కూచోడు."

జంబుకేశం కొమ్ముల మొనలు చూశాడు, చెట్ల మీదికి చేరుతున్న కొండముచ్చుల్ని చూశాడు. ఒండ్రు ఆరకముందే బాట పట్టాడు. పోతూ పోతూ దారిలో నేరేళ్ళు ఏరుకోబోతే పైనుంచి టెంకలు పడ్డాయి.

కొమ్ములయ్య చుక్కమ్మ దగ్గరికొచ్చి వదినా అని తల దించాడు. ఆమె అతని మెడ మీది మట్టి నాకి, పిల్లలందర్నీ రెల్లు అంచుకి తీసుకురమ్మంది. గాలిని ఎలా పట్టాలో ఆ పూటే మొదలుపెట్టింది. బాట పక్క నేరేడుకొమ్మల మీద కొండముచ్చులు సగం కొరికిన ఆకులు మళ్ళీ కిందికి రాల్చసాగాయి. సుంకన్నని మాత్రం వాగులో శుభ్రంగా మునిగి వచ్చేదాకా పెళ్ళాం చెట్టెక్కనివ్వలేదు.

వాగవతలి మందల దగ్గర కూడా తన మాట చెల్లలేదని, జంబుకేశం తిరిగి పట్నం దారి పట్టాడని తర్వాత తెలిసింది. అడవి దాటేలోపు నిజం చిరుత అతన్ని ఒకసారి తరిమిందని, ముక్కుని నమ్మి ఎన్నాళ్ళయిందో ఏమో, అది మీద పడేదాకా అతనికి తెలియలేదని, తోక దానికి వదిలేసి బతికి బయటపడ్డాడని సిద్ధమ్మ చెప్పింది.

ఎవరి ప్రాణానికి కాపలా పెడుతున్నామో వాళ్ళనే అడక్కుండా పెట్టిన కాపలా, చివరికి పెట్టినవాడిని కూడా కాపాడదు.